విత్తనం మొలవకపోతే అందరం కలిసి కేసు వేద్దాం, సరే. ఏ కోర్టులో?



పోయినసారి వీడియోలో తడి గోనెపట్టా మీద వంద పల్లి గింజలు పరిచి మొలక శాతం ఎలా చూసుకోవాలో చూపించాను. అది చూసి చాలామంది ఫోన్ చేశారు. అందులో సగం మంది అడిగింది మొలక గురించి కాదు. "తమ్మీ, మా ఊర్లో నలభై మందిమి ఒకే లాట్ విత్తనం తెచ్చి మోసపోయినం. అందరం కలిసి కేసు వేయాలంటే మహబూబ్‌నగర్ పోవాల్నా, హైదరాబాద్ పోవాల్నా, ఢిల్లీ పోవాల్నా?" అని అడిగారు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. 2022 యాసంగిలో ఇదే ప్రశ్న పట్టుకుని నేనూ తిరిగాను. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా, లా కాదు. కానీ ఈ ఒక్క విషయంలో దెబ్బ తిని నేర్చుకున్నాను కాబట్టి చెప్తున్నా. పై వీడియోలో పది నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు మా కథ. కొత్తకోట చుట్టుపక్కల యాసంగి అంటే పల్లే. మా ప్రకృతి వ్యవసాయ బృందంలో 26 మందిమి కలిసి, ఒక వ్యాపారి దగ్గర 38 క్వింటాళ్ల విత్తన పల్లి గింజ తెచ్చినం. క్వింటాలు 11,000. ఎకరాకు 75 కిలోల లెక్కన దాదాపు 50 ఎకరాలకు సరిపోయేంత. ఒక్కొక్కరు పోయి తెచ్చుకుంటే బండి కిరాయి దండగ అని నేనే ఒక డీసీఎం మాట్లాడి, ఒకటే బిల్లు మీద తెప్పించాను. బిల్లు నా పేరు మీద. కిలోకు రెండు రూపాయలు హమాలీకి, బండికి అని అందరి దగ్గరా తీసుకున్నాను. ఈ రెండు రూపాయల మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పన్నెండో రోజు చూస్తే సాళ్లలో మొలకల కన్నా ఖాళీలే ఎక్కువ. నేను ఇంట్లో ట్రేలో పెట్టిన వంద గింజల్లో 41 మొలిచాయి. వేరుశనగ విత్తనానికి ప్రభుత్వం పెట్టిన కనీస ప్రమాణం 70 శాతం. వ్యాపారి దగ్గరికి పోతే ఆయన అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "మీరు బీజామృతంల నానబెట్టిన్రు గదా, పేడ నీళ్లల్ల కుళ్లిపోయింది. మందు పట్టించినోళ్లకు మంచిగనే మొలిచింది."

కోపం వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే అందులో ఒక ముక్క నిజం కూడా ఉంది. పల్లి గింజ పొర పల్చన. దానికి బీజామృతం పైపైన పట్టించి నీడలో ఆరబెట్టాలే గానీ నానబెట్టకూడదు. మా 26 మందిలో ముగ్గురు రాత్రంతా నానబెట్టినట్టు తర్వాత తెలిసింది. అయితే నా ట్రేలో గింజలకు నేను ఏమీ పట్టించలేదు, ఒట్టి నీళ్లే. అక్కడా 41. ఈ తేడానే తర్వాత మాకు చట్టంలో పెద్ద ప్రశ్న అయి కూర్చుంది.

ఇప్పుడు కోర్టుల సంగతికి వద్దాం. అమెరికాలో ఇలా వందలు, వేలమంది తరఫున ఒకరిద్దరు వేసే కేసును క్లాస్ యాక్షన్ అంటారు. అక్కడ రెండు రకాల కోర్టులు పక్కపక్కనే నడుస్తాయి: రాష్ట్రానివి, కేంద్రానివి అంటే ఫెడరల్ కోర్టులు. క్లాస్ యాక్షన్ ఏ కోర్టులో నడవాలి అని అక్కడ ఏళ్ల తరబడి పెద్ద కొట్లాట. లాయర్లు రైతులకు, వినియోగదారులకు అనుకూలం అనిపించిన చిన్న కౌంటీ రాష్ట్ర కోర్టులకు పోయేవాళ్లు. కంపెనీలేమో ఫెడరల్ కోర్టు కావాలనేవి. 2005లో చట్టం తెచ్చి, కనీసం వంద మంది ఉండి, 50 లక్షల డాలర్లు దాటిన క్లాస్ యాక్షన్లు రాష్ట్రాల సరిహద్దు దాటిన వివాదమైతే చాలావరకు ఫెడరల్ కోర్టుకు లాగుకునే వీలు కల్పించారు. కంపెనీలు గెలిచాయని కొందరు, దేశమంతా ఉన్న సమస్యను ఒక చిన్న కౌంటీ తేల్చకూడదు కదా అని ఇంకొందరు.

రైతుల కేసు ఒకటి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. సింజెంటా కంపెనీ జన్యుమార్పిడి మొక్కజొన్న ఒకటి అమెరికాలో అమ్మింది. చైనా ఇంకా దానికి అనుమతి ఇవ్వలేదు. 2013 చివర్లో చైనా అమెరికా మక్కల ఓడలను తిప్పి పంపడం మొదలుపెట్టింది. ధర పడిపోయిందని రైతులు కేసులు వేశారు. విశేషం ఏంటంటే, ఆ విత్తనం అసలు వేయని రైతులు కూడా వేశారు. మార్కెట్లో గింజ కలిసిపోయింది కాబట్టి మాకూ నష్టమే అన్నారు. మన పక్క చేను మందు మన చేన్లోకి కొట్టుకొచ్చినప్పుడు మనం పడే బాధ లాంటిదే అది. ఆ కేసులు కాన్సాస్‌లో ఫెడరల్ కోర్టులో, మిన్నెసోటాలో రాష్ట్ర కోర్టులో రెండు చోట్లా నడిచాయి. 2017 జూన్‌లో కాన్సాస్ రైతులకు జ్యూరీ దాదాపు 21 కోట్ల 77 లక్షల డాలర్లు ఇవ్వాలంది. కొన్ని నెలలకు మిన్నెసోటా విచారణ సగంలో ఉండగానే కంపెనీ రాజీకి వచ్చింది. మొత్తం 151 కోట్ల డాలర్లు. రెండు కోర్టులూ ఒకేసారి మెడ మీద ఉండటం వల్లే రాజీ కుదిరిందని నా అభిప్రాయం. అందులో మూడో వంతు లాయర్లకే పోయింది, అది కూడా తెలుసుకోండి.

మన దగ్గర పరిస్థితి వేరు. మనకు కేంద్ర చట్టానికి ఒక కోర్టు, రాష్ట్ర చట్టానికి ఒక కోర్టు అని లేవు. ఢిల్లీలో ఫెడరల్ కోర్టు అని ఒకటి 1937 నుంచి ఉండేది గానీ, 1950లో దాని చోట సుప్రీంకోర్టు వచ్చింది. ఇప్పుడు మెట్ల లాగా ఒకటే వరస: కింద జిల్లా, పైన రాష్ట్రం, ఆపైన ఢిల్లీ. అందుకే మన ప్రశ్న "రాష్ట్రమా, కేంద్రమా" కాదు, "ఏ మెట్టు మీద మొదలుపెట్టాలి" అన్నది. వినియోగదారుల కమిషన్లలో ఈ మూడు మెట్లూ స్పష్టంగా కనిపిస్తాయి.

చాలామంది రైతులకు ఉన్న మొదటి అనుమానం: విత్తనం కేసు వినియోగదారుల కమిషన్‌కు పోతదా? విత్తన చట్టం ఉంది కదా, వ్యవసాయ శాఖ ఉంది కదా? దీన్ని తేల్చిన తీర్పు మన పాత ఉమ్మడి జిల్లా రైతులతో కూడా ముడిపడి ఉన్నది. జాతీయ విత్తన సంస్థ వర్సెస్ ఎం. మధుసూదన్ రెడ్డి కేసు, సుప్రీంకోర్టు, 2012 జనవరి 16. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా ఫోరాల్లో రైతులు వేసిన ఫిర్యాదులు అవి. విత్తనం నాసిరకం, పంట పోయింది అన్నారు. అవతల ఉన్నది చిన్న దుకాణం కాదు, కేంద్ర ప్రభుత్వ సంస్థ. జిల్లా ఫోరాలు రైతులకు పరిహారం ఇవ్వాలన్నాయి. ఆ సంస్థ రాష్ట్ర కమిషన్‌కు పోయింది, జాతీయ కమిషన్‌కు పోయింది, చివరికి సుప్రీంకోర్టుకు పోయింది. ప్రతి చోటా ఓడిపోయింది.

ఆ సంస్థ చేసిన వాదనలు వింటే మనకు రేపు ఎదురయ్యేవి ఇవే అని అర్థమవుతుంది. విత్తనాలకు 1966 చట్టం ప్రత్యేకంగా ఉంది కాబట్టి వినియోగదారుల ఫోరానికి అధికారం లేదన్నారు. కోర్టు ఏమన్నది? ఆ చట్టంలో రైతుకు నష్టపరిహారం ఇప్పించే మాటే లేదు, వినియోగదారుల చట్టం దానికి అదనంగా ఉన్న దారి, రైతు ఆ దారిన రావచ్చు అన్నది. నిజంగానే, విత్తన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల దాకా. ఐదు వందలు! ఈ రోజుల్లో ఒక కూలీకి ఒక రోజు ఇచ్చే డబ్బు. రెండోసారికి వెయ్యి రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అది కూడా ప్రభుత్వానికి పోయేదే, రైతు జేబులోకి పైసా రాదు.

ఇంకొక వాదన, కొంతమంది రైతులు విత్తనోత్పత్తి ఒప్పందం మీద పండిస్తున్నారు, పంటను సంస్థే తిరిగి కొంటుంది, అది వ్యాపారం, వాళ్లు వినియోగదారులు కారు అని. దీన్నీ కోర్టు ఒప్పుకోలేదు. గద్వాల వైపు సీడ్ పత్తి చేసే అన్నలు ఈ ముక్క ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. ఒప్పందంలో మధ్యవర్తిత్వం అని రాసుకున్నంత మాత్రాన ఫోరం తలుపు మూసుకుపోదని కూడా చెప్పింది.

నాకు అన్నిటికంటే నచ్చింది పరీక్ష గురించి అన్న మాట. విత్తనం ల్యాబ్‌కు పంపకుండా నాసిరకం అని ఎట్లా అంటారు అని సంస్థ అడిగింది. రైతు కొన్న విత్తనమంతా చేన్లో చల్లుతాడు, పరీక్ష కోసం కొంత దాచిపెడతాడని అనుకోవడం సరికాదు, కావాలంటే అదే లాట్ విత్తనం మీ దగ్గర ఉంటుంది కదా, మీరే పరీక్షకు పంపమని అడగాల్సింది అన్నట్టుగా కోర్టు తేల్చింది. వ్యవసాయం తెలిసినవాళ్లు రాసిన తీర్పులా ఉంటుంది. అయినా నేను మాత్రం దాచిపెట్టమనే చెప్తా. తీర్పు మన వైపు ఉంది గదా అని సాక్ష్యం పారేసుకుంటామా.

ఇక డబ్బు లెక్క. ఏ మెట్టు మీద మొదలుపెట్టాలో తేల్చేది ఇదే. ఇక్కడే చట్టం మారింది, చాలామందికి, కొందరు వకీళ్లకు కూడా, ఇంకా పాతదే నోట్లో ఉంది.

పాత 1986 చట్టంలో, 2003 తర్వాత, జిల్లాకు 20 లక్షల దాకా, రాష్ట్రానికి కోటి దాకా, ఆపైన ఢిల్లీ. లెక్క ఎట్లా అంటే సరుకు విలువ, అడిగే పరిహారం రెండూ కలపాలి. మా 26 మందిది చూడండి. విత్తనం ఖర్చు 4 లక్షల 18 వేలు. ఎకరాకు 40 వేల నష్టం అనుకుంటే 50 ఎకరాలకు 20 లక్షలు. కలిపితే 24 లక్షల 18 వేలు. పాత చట్టం అయితే, కలిసి వేస్తే జిల్లా దాటి హైదరాబాద్ పోవాల్సిందే. విడివిడిగా వేస్తే మహబూబ్‌నగర్‌లోనే. అంటే కలిసినందుకు శిక్ష అన్నట్టు. వందలమంది కలిస్తే ఇక ఢిల్లీనే. పైగా 2016లో జాతీయ కమిషన్ అంబ్రీష్ కుమార్ శుక్లా కేసులో అందరి మొత్తం కూడి చూడాలని స్పష్టంగా చెప్పింది. అపార్ట్‌మెంట్లు కొన్నవాళ్లకు ఢిల్లీ దగ్గరేమో గానీ పల్లి రైతుకు కాదు కదా.

2019 చట్టం ఈ లెక్క మార్చింది. ఇప్పుడు చూసేది మనం కట్టిన ధర మాత్రమే, అడిగే పరిహారం కాదు. 2021 డిసెంబర్ 30 నాటి నిబంధనల ప్రకారం కట్టిన ధర 50 లక్షల దాకా జిల్లా, 50 లక్షల నుంచి 2 కోట్ల దాకా రాష్ట్రం, ఆపైన జాతీయ కమిషన్. ఇది అన్యాయం, పెద్ద పరిహారం అడిగేవాళ్లను కూడా కింద మెట్టుకే పంపుతున్నారని సుప్రీంకోర్టుకు పోయినవాళ్లు ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో రుతు మిహిర్ పాంచాల్ కేసులో కోర్టు ఈ పద్ధతి రాజ్యాంగబద్ధమే అన్నది.

నగరం వాళ్లకు ఎట్లున్నా, రైతుకు ఇది వరం అని నేను అనుకుంటున్నా. ఎందుకంటే విత్తనం ధర తక్కువ, దాని వల్ల పోయేది ఎక్కువ. బీజీ-2 పత్తి విత్తనం 475 గ్రాముల ప్యాకెట్ 2025లో 901 రూపాయలు. వెయ్యి మంది రైతులు తలా నాలుగు ప్యాకెట్లు కొన్నా మొత్తం 36 లక్షల 4 వేలు. అంటే వెయ్యి మంది కలిసినా, అడిగే పరిహారం పది కోట్లు అయినా, జిల్లా కమిషన్ మెట్టు దాటదు. మా పల్లి కేసు అయితే 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. 5 లక్షల దాకా సున్నా, 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000 రూపాయలు. అంతే.

ఇంకొకటి కూడా మారింది. ఇంతకుముందు అవతలివాడు ఎక్కడ ఉంటే అక్కడ, లేదా సమస్య ఎక్కడ పుట్టిందో అక్కడ వేయాలి. ఇప్పుడు రైతు ఎక్కడ నివాసం ఉంటే ఆ జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. మా బిల్లు కింద చిన్న అక్షరాల్లో "వివాదాలు హైదరాబాద్ కోర్టుల పరిధికి లోబడి" అని అచ్చు వేసి ఉంది. అది చూసి నేను బెదిరితే వకీలు సార్ నవ్వి, "అది చూసి ఆగిపోతే ఎట్ల, చట్టం నీకు మహబూబ్‌నగర్ ఇచ్చింది" అన్నాడు.

సరే, జిల్లాలోనే అని తేలింది. ఎట్లా వేయాలి? 26 కేసులా, ఒకటా?

ఒకటే అంటే దానికి రెండు పద్ధతులు. మొదటిది నిజమైన సామూహిక ఫిర్యాదు. 2019 చట్టం సెక్షన్ 35(1)(సి). ఒకే ప్రయోజనం ఉన్న చాలామంది తరఫున ఒకరో ఇద్దరో కమిషన్ అనుమతితో వేయొచ్చు. కేసులో పేరు లేని రైతులకు కూడా వర్తిస్తుంది. అందుకని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 1 రూల్ 8 ప్రకారం అందరికీ నోటీసు ఇవ్వాలి, అందరికీ పంపడం కుదరకపోతే పేపర్ ప్రకటన. ఆ ఖర్చు మనదే. గెలుపైనా ఓటమైనా అందరినీ కట్టిపడేస్తుంది. రెండోది ఉమ్మడి ఫిర్యాదు. సంతకం పెట్టినవాళ్లు మాత్రమే, వాళ్ల కోసం మాత్రమే. 2021 డిసెంబర్‌లో బెంగళూరు అపార్ట్‌మెంట్ల కేసు ఒకదానిలో, బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసు, సుప్రీంకోర్టు ఈ తేడా చూపించింది. అందరి ప్రయోజనం ఒకటే అని ఫిర్యాదులో సరిగ్గా చెప్పలేకపోతే సామూహిక కేసుగా నడవదు, కానీ సంతకం పెట్టినవాళ్ల ఉమ్మడి కేసుగా నడుస్తుంది అన్నది.

ఒకే ప్రయోజనం. ఈ రెండు మాటల దగ్గరే మా బండి ఆగింది. వకీలు సార్ అడిగిన ప్రశ్నలు వరసగా రాస్తే ఒక పేజీ అవుతుంది. నానబెట్టినవాళ్లు ఎందరు? ఎర్ర చెల్క ఎవరిది, నల్లరేగడి ఎవరిది? బోరు నీళ్లు సరిపోయినవాళ్లు ఎవరు? ఏ తేదీన వేశారు? ఎవరెవరు దున్నేసి మళ్లీ వేశారు? "విత్తనం చెడ్డది అనే పాయింట్ అందరికీ ఒకటే. కానీ ఎవరికి ఎంత పోయింది అనేది ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. వెయ్యి మంది ఉంటే సామూహికం అడుగుదాం. మీ 26 మందికి ఉమ్మడిగా వేయండి, కానీ ప్రతి ఒక్కరిదీ విడి అఫిడవిట్ పెట్టండి" అని చెప్పాడు. నానబెట్టిన ముగ్గురిని ఏం చేయాలనేది మాలో మాకే గొడవ. వాళ్లను కలిపితే అవతలివాడు ఆ ముగ్గురిని చూపించి మిగతా 23 మందినీ ముంచుతాడు. వదిలేస్తే వాళ్లు మన బృందం వాళ్లే కదా. ఒకాయన నాకు మేనమామ వరస. ఆయన మీటింగ్‌లో లేచి, "అల్లుడా, నన్ను తీసెయ్యి. నాది నేనే చెడగొట్టుకున్న" అన్నాడు. ఆ రోజు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు, ఎందుకంటే ఎంతసేపు పట్టించాలో చెప్పాల్సినవాణ్ని నేను.

అసలు దెబ్బ ఇంకొకటి ఉంది. వకీలు సార్ బిల్లు చూసి, "ఇందులో రైతు ఎవరు? నీ పేరొక్కటే ఉంది. నువ్వు కొని వీళ్లకు అమ్మినవా?" అన్నాడు. కాదు సార్, అందరి కోసం తెచ్చిన అన్నాను. "డబ్బు ఏమన్నా ఎక్కువ తీసుకున్నవా?" కిలోకు రెండు రూపాయలు అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. తిరిగి అమ్మడానికి కొన్నవాడు చట్టం దృష్టిలో వినియోగదారుడు కాడు. కొన్నవాడి అనుమతితో వాడుకున్నవాళ్లు వినియోగదారులే, కానీ నేను అమ్మినట్టు తేలితే అవతలివాడు వేలు నా వైపే చూపిస్తాడు: వీళ్లకు విత్తనం అమ్మింది ఈయన, లైసెన్స్ లేకుండా అమ్మాడు, మీ కేసు ఈయన మీద వేసుకోండి అని. 3,800 కిలోలకు రెండు రూపాయల చొప్పున 7,600 రూపాయలు. డీసీఎం కిరాయి, హమాలీ రసీదులు వెతికితే 6,900కు దొరికాయి. మిగతా 700కు కాగితం లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరికి ఏమైందంటే, మేము లీగల్ నోటీసు ఇచ్చినం, వ్యవసాయ అధికారి రిపోర్టు జత చేసినం. వ్యాపారి విత్తనం డబ్బు వాపస్ ఇస్తానని రాజీకి వచ్చాడు. పంట నష్టం ఇవ్వనన్నాడు. నా బిల్లు బలహీనత వల్ల 24 మంది ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్లది ఇప్పటికీ నా మీద అలక. వాళ్లను తప్పు పట్టను.

కాబట్టి ఎవరన్నా నాలాగా అందరి కోసం తెచ్చే పని చేస్తుంటే, బండి ఒకటే అయినా బిల్లులు ఎవరివి వాళ్లకు రాయించండి. లాట్ నంబర్, తేదీ, పేరు, ఊరు. బిల్లు లేకపోతే చౌక అంటాడు దుకాణదారు. ఆ చౌక మనకు చాలా ఖరీదు.

మొలక రాలేదని తెలిసిన రోజే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. విత్తన నిబంధనల్లో 23-ఏ అని ఒకటి ఉంది. విత్తనం నాసిరకం వల్ల పంట పోయిందని రైతు రాసిస్తే, విత్తన తనిఖీ అధికారి లేబుళ్లు, సంచులు, మిగిలిన విత్తనం స్వాధీనం చేసుకుని, కారణం విచారించి, పైకి రిపోర్టు ఇవ్వాలి. నోటితో చెప్తే ఎవరికీ గుర్తుండదు. దరఖాస్తు మీద ఆ నంబర్ రాసి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ రిపోర్టే తర్వాత కమిషన్ ముందు మన నోరు. నష్టపోయిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయొచ్చు.

కొంతమంది హైకోర్టులో రిట్ వేద్దాం, ఒకేసారి తేలిపోతది అంటారు. ఎవరి విత్తనం ఎంత మొలిచింది, ఎంత పోయింది అనే లెక్కలు రిట్‌లో తేలేవి కావు. ఇంకొందరు మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం గురించి అడిగారు. 2001 నాటి ఆ చట్టంలో సెక్షన్ 39(2) మంచిదే. రిజిస్టరైన రకం కంపెనీ చెప్పినంత పనితనం చూపించకపోతే రైతు పరిహారం అడగొచ్చు. కానీ అడగాల్సింది ఢిల్లీలోని అథారిటీని. కొత్తకోట నుంచి జాతీయ రహదారి ఎక్కితే ఢిల్లీ నేరుగానే వస్తుంది గానీ, ప్రతి వాయిదాకు ఎవరు పోతారు?

అంటే ఢిల్లీ ఎప్పుడూ దండగేనా? కాదు. 2006 సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ ధరలో 1,250 రూపాయలు ఒక్క టెక్నాలజీ ఫీజే. ఒక రైతో, వంద మంది రైతులో దాన్ని ఏ జిల్లాలో ప్రశ్నించాలి? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ఢిల్లీలో గుత్తాధిపత్య వ్యాపారాలను చూసే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. ఆ మే నెలలో కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, రాష్ట్రం ప్యాకెట్ 750కి అమ్మాలన్నది. 2007లో రాష్ట్రం సొంతంగా పత్తి విత్తనాల ధరల చట్టం చేసుకుంది. 2015 డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. అక్కడ ప్రశ్న ఎవరి చేన్లో ఎంత మొలిచింది అని కాదు, ఒకే కంపెనీ, ఒకే ఫీజు, అందరికీ ఒకటే. అలాంటిది పైన తేలడమే సరి, అదీ ప్రభుత్వం పోతేనే. 2019 చట్టంలో కూడా రాష్ట్ర ప్రభుత్వం వినియోగదారుల తరఫున ఫిర్యాదు వేయొచ్చు అని ఉంది. ఈ అధికారం వాడమని మన ప్రజాప్రతినిధులను అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

చేన్లో మొలకెత్తని గింజ కేసు మాత్రం కిందే ఉండాలి అని నా గట్టి నమ్మకం. చేను ఇక్కడ, సాక్షులు ఇక్కడ, ఏఈఓ ఇక్కడ. చేను చూసి రమ్మని కమిషన్ ఎవరినైనా పంపాలన్నా గంట ప్రయాణం. ఇంకో లాభం ఎవరూ చెప్పరు: జిల్లాలో మనం గెలిస్తే, అవతలివాడు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు పోవాలి, పోవాలంటే ఇవ్వమన్న మొత్తంలో సగం ముందు జమ కట్టాలి. ఊరికే కాలయాపన కోసం అప్పీలు వేసేవాళ్లకు అది ముక్కుతాడు. నష్టమూ ఉంది, దాచను. చట్టం మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష కావాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చమంటుంది. ఆ కాగితం మీది నెలలు మన క్యాలెండర్‌లో కనపడవు. మధుసూదన్ రెడ్డి కేసులో రైతులు జిల్లా నుంచి సుప్రీంకోర్టు దాకా నాలుగు మెట్లు గెలుస్తూ పోవాల్సి వచ్చింది. అంత ఓపిక లేనివాళ్లు మధ్యలో రాజీ పడితే అది ఓటమి అని నేను అనను.

మన ప్రకృతి వ్యవసాయం వాళ్లకు ఇంకో చిక్కు. మనం హైబ్రిడ్ విత్తనం కొనం కదా, మనకెందుకు ఈ గొడవ అనుకోవద్దు. జీలుగ, జనుము విత్తనం కొంటాం, వేపపిండి కొంటాం, ట్రైకోడెర్మా, సూడోమోనాస్ కొంటాం. జీవ మందు అని అమ్మిన డబ్బాలో రసాయనం కలిపి ఉంటే, మన గింజలో అవశేషం తేలితే, సర్టిఫికెట్ పోతుంది. అక్కడ పోయేది డబ్బా ధర 600 కాదు, మూడేళ్ల కష్టం. కట్టిన ధరను బట్టి మెట్టు, జరిగిన నష్టాన్ని బట్టి పరిహారం అనే ఈ కొత్త లెక్క అలాంటివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. డబ్బా సగం వాడాక మూత బిగించి, బిల్లుతో పాటు నీడలో దాచండి.

ఈ యాసంగికి మేము 19 మందిమి మళ్లీ పల్లి తెచ్చినం. బండి ఒకటే, బిల్లులు 19. ప్రతి లాట్ నుంచి రెండు కిలోలు తీసి, అందరి ముందు సంచి కుట్టి, లేబుల్ లోపల వేసి, ఇద్దరి సంతకాలతో మా ఇంటి అటక మీద పెట్టాను. మేనమామ వచ్చి బీజామృతం పట్టించేటప్పుడు పక్కనే నిలబడ్డాడు, గడియారం చూస్తూ. సంచులు కుట్టే పద్ధతి, దరఖాస్తు నమూనా పై వీడియోలో ఆరో నిమిషం నుంచి ఉన్నాయి.